దసరా సెలవులు అయిపోతున్నాయి, పాప మళ్లీ గురుకులానికి వెళ్లనంటోంది: సలహా కావాలి

పానగల్లు తల్లి (నల్లగొండ)

సభ్యులందరికీ నమస్కారం. మా పాప ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకొని, ఈ జూన్‌లో దేవరకొండ వైపు ఉన్న ఒక గురుకుల పాఠశాలలో ఐదో తరగతిలో చేరింది. దింపి వచ్చిన రోజున మేము ఏడ్చాము గాని పాప పెద్దగా ఏడవలేదు. కొత్త ట్రంకు పెట్టె, కొత్త యూనిఫాం, పక్క మంచం పిల్లతో స్నేహం, ఇవన్నీ అప్పుడు ఆమెకు సంబరంగానే ఉన్నాయి.

ఇప్పుడు దసరా సెలవులకు ఇంటికి వచ్చింది. సద్దుల బతుకమ్మ దాకా బాగానే ఉంది. తంగేడు పూల కోసం వాళ్ల తాతతో కలిసి చెరువు గట్టున తిరిగింది, వాకిట్లో ఆడవాళ్లతో సమానంగా ఆడింది. దసరా మరునాటి నుండి మాత్రం మాట తగ్గింది. పొద్దున లేవగానే కడుపునొప్పి అంటుంది, మధ్యాహ్నానికి తగ్గిపోతుంది, సాయంత్రం దీపం పెట్టే వేళకు "అమ్మా, ఇంకా ఎన్ని రోజులున్నాయి" అని అడుగుతుంది. నిన్న రాత్రి "నేను ఇక్కడి బడికే పోతాను, ఏ పని చెప్పినా చేస్తాను" అని నా చేయి పట్టుకుంది.

మా అత్తమ్మ పిల్లను తెచ్చుకుందామంటోంది. మా ఆయన, ఇప్పుడు మానిపిస్తే సీటు పోతుందనీ, మళ్లీ దొరకదనీ అంటున్నారు. నాకు ఇద్దరి మాటా సరైనదిగానే తోస్తోంది. పాప తెలివైనది, చదువు విషయంలో ఏ ఇబ్బందీ ఉన్నట్టు లేదు. మిగిలిన ఈ కొద్ది రోజుల్లో నేను ఏం చేయాలో, ఏం చేయకూడదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కందనూలు పంతులు (నాగర్‌కర్నూల్)

అమ్మా, మీరు రాసినదాంట్లో పాప "వెళ్లను" అన్న మాట ఉంది గాని, అక్కడ ఏది ఆమెకు కష్టంగా ఉందో లేదు. మీకు కూడా అది ఇంకా తెలియలేదనుకుంటాను. మీ ఇంట్లో తీసుకెళ్లాలా మానిపించాలా అన్న వాదన మొదలైంది గాని, ముందు తేలవలసింది అది కాదు.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. సెలవుల తరువాత రాని పిల్లల ఇళ్లకు వెళ్లడం మా పనిలో భాగమే. "ఎందుకు భయం?" అని అడిగితే ఏ పిల్లా చెప్పదు, ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు ఆమెకే తెలియదు, ఇంకోసారి గట్టిగా అడిగితే ఏదో ఒకటి కల్పించి చెబుతుంది. దానికి బదులు, ఆమె చేత అక్కడి ఒక రోజును మొదటి గంట నుండి చివరి గంట దాకా చెప్పించండి. ఎన్నింటికి లేపుతారు, లేచాక ఎటు వెళతారు, నీళ్లు ఎక్కడ పట్టుకుంటారు, ప్రార్థనలో ఎవరి పక్కన నిలబడుతుంది, మెస్సులో ఎవరితో తింటుంది, సాయంత్రం ఆటల తరువాత స్టడీ అవర్ దాకా ఏం చేస్తుంది, దీపాలు ఆర్పాక ఏమవుతుంది? కూరగాయలు తరుగుతూనో, జడ వేస్తూనో అడగాలి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే అది విచారణ అవుతుంది.

ఇరవై విషయాలు గలగలా చెప్పిన పిల్ల ఒకచోట తడబడుతుంది, లేదా ఆ భాగాన్ని దాటేస్తుంది. భయం సాధారణంగా అక్కడే ఉంటుంది. నాకు తెలిసిన ఒక అబ్బాయి సెలవుల హోంవర్కు చేయలేదన్న ఒక్క కారణంతో వారం రోజులు బడికి రాలేదు. ఇంట్లో వాళ్లు దిష్టి తగిలిందని తాయెత్తు కట్టించారు.

ఎర్రమట్టి (వనపర్తి)

నా మాట కొంచెం కటువుగా ఉంటుంది, ఏమనుకోవద్దు. ఈ కాలంలో పిల్లలను అడిగి అడిగి లేని భయాన్ని కూడా పుట్టిస్తున్నామని నా అభిప్రాయం. మేము సంక్షేమ హాస్టల్లో చదివాము. పండగకు వచ్చి మళ్లీ వెళ్లేటప్పుడు ఏడవని వాడు లేడు. మా నాయన బస్సెక్కించి, బస్సు కదిలేదాకా కూడా నిలబడకుండా వెనక్కి తిరిగేవాడు. ఊరు దాటేసరికి ఏడుపు ఆగేది, హాస్టల్ చేరేసరికి ఆటలో పడేవాళ్లం. ఈ పాపకు సీటు వచ్చింది, తిండి బాగుంది, చదువు బాగుంది. తీసుకెళ్లి దింపి రండి, నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుంది. ఇప్పుడు ఇంట్లో పెట్టుకుంటే సంక్రాంతికి ఇంకా పెద్ద గొడవ అవుతుంది.

పాలమూరు పిల్లల డాక్టరు (మహబూబ్‌నగర్)

నేను పిల్లల వైద్యురాలిని. జూన్ రెండో వారంలోనూ, దసరా, సంక్రాంతి సెలవుల చివరి రోజుల్లోనూ మా దగ్గరికి కడుపునొప్పి, తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం అనే బాధలతో వచ్చే పిల్లల సంఖ్య పెరుగుతుంది. కాబట్టి ఈ విషయాన్ని కొంచెం వివరంగా రాస్తాను.

మొదటిది, ఆ నొప్పి నటన కాదు. భయపడినప్పుడు శరీరంలో అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, జీర్ణకోశానికి వెళ్లే రక్తం తగ్గుతుంది, పేగుల కదలిక మారుతుంది. అందువల్ల కడుపులో మెలిపెట్టినట్టవుతుంది, ఆకలి ఉండదు, మాటిమాటికీ మరుగుదొడ్డికి వెళ్లాలనిపిస్తుంది. "నీకేం నొప్పి లేదు, దొంగవేషాలు వేయకు" అంటే పిల్ల అబద్ధం చెబుతోందని ముద్ర వేసినట్టవుతుంది. తరువాత నిజంగా చెప్పవలసినది కూడా చెప్పదు. ఉదయం వచ్చి మధ్యాహ్నానికి తగ్గే నొప్పి, సెలవుల మధ్యలో లేకుండా చివరి రోజుల్లో వచ్చే నొప్పి ఎక్కువగా బెదురు వల్ల వచ్చేదే. అయితే నిద్రలోంచి లేపేంత నొప్పి, జ్వరం, ఆగని వాంతులు, మలంలో రక్తం, బరువు తగ్గడం, మూత్రంలో మంట, వీటిలో ఏది ఉన్నా భయం అనుకొని వదిలేయకుండా డాక్టరుకు చూపించాలి.

రెండోది, ఎర్రమట్టి గారు చెప్పినదాంట్లో సగం నేను ఒప్పుకుంటాను. భయపడిన చోటికి వెళ్లకుండా తప్పించుకుంటే ఆ క్షణంలో గొప్ప ఉపశమనం కలుగుతుంది. ఆ ఉపశమనం రుచి తెలిశాక తరువాతి సారి భయం ఇంకా ముందుగా, ఇంకా ఎక్కువగా వస్తుంది. "ఒక్క వారం ఆగి వెళ్దువులే" అని ఆపిన పిల్లలను వారం తరువాత పంపడం మరింత కష్టమవుతుంది. పైగా ఆ వారంలో పాఠాలు ముందుకు పోతాయి, స్నేహితులు వేరే జట్లు కడతారు, "ఎందుకు రాలేదు" అనే ప్రశ్న కొత్తగా చేరుతుంది. కాబట్టి అక్కడ ఏదైనా ప్రమాదం ఉందని తేలితే తప్ప, బడి తెరిచిన రోజునే పంపడం మంచిది.

ఆయన మాటలో నేను ఒప్పుకోని సగం ఏమిటంటే, అడగకుండా పంపడం. బస్సు దిగేసరికి ఏడుపు మానిన పిల్లలు మనకు గుర్తుంటారు. ఏడుపు లోపల పెట్టుకొని పక్క తడిపినవాళ్లు, ఆ ఏడాదితోనే చదువు మానేసినవాళ్లు కూడా ఆ హాస్టళ్లలోనే ఉన్నారు, వాళ్లను ఎవరూ లెక్క వేయలేదు.

ఇక ఇంట్లో చేయదగినవి. ఆరు నుండి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుండి 12 గంటల నిద్ర అవసరమని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. పండగ రోజుల్లో పిల్లలు పదకొండింటి దాకా మెలకువగా ఉండి ఎనిమిదింటికి లేస్తారు. గురుకులంలో తెల్లవారుజామున లేపుతారు. ఆ తేడా వల్లే మొదటి మూడు రోజులు కళ్లు మండుతాయి, చిన్న మాటకే ఏడుపు వస్తుంది. రాత్రి త్వరగా పడుకోబెట్టాలని పోరాడటం కంటే, ఉదయం రోజుకు పావుగంట చొప్పున ముందుగా లేపండి, రాత్రి నిద్ర దానంతటదే ముందుకు వస్తుంది. నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలడం నేర్పండి. దీన్ని భయం వచ్చాక మొదలుపెడితే కుదరదు, పాప హుషారుగా ఉన్నప్పుడే ఆటగా చేయించాలి.

ఇంకొక మాట. "ఏమీ కాదు, ఏమీ కాదు" అని పదిసార్లు చెప్పకండి. ఒకసారి ధైర్యం చెప్పడం మంచిదే, అదే ప్రశ్నకు ప్రతి గంటా జవాబు చెబుతూ పోతే ఆ ప్రశ్న అడగడమే ఆమెకు అలవాటవుతుంది. "ఇంకా ఎన్ని రోజులు" అని అడిగినప్పుడు క్యాలెండర్ చూపించి, ఆమెనే లెక్క చెప్పమనండి.

ట్రంకు పెట్టె (నల్లగొండ)

అక్కా, నేను ఐదో తరగతి నుండి ఇంటర్ దాకా గురుకులంలోనే చదివాను, ఇప్పుడు ఇక్కడ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో పీజీ చేస్తున్నాను. మీ పోస్టు చదివి జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

జూన్‌లో ఏడవని పాప ఇప్పుడు ఎందుకు ఏడుస్తోందని మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. మొదటిసారి వెళ్లేటప్పుడు ఇల్లు లేకుండా ఉండటం అంటే ఏమిటో పిల్లకు తెలియదు. దసరాకు వచ్చి, అమ్మ చేతి అన్నం తిని, పక్కలో పడుకొని మళ్లీ వెళ్లేటప్పుడు తనకు ఏది దూరమవుతుందో పూర్తిగా తెలుస్తుంది. మా బ్యాచ్‌లో మానేసిన పిల్లలలో ఎక్కువమంది జూన్‌లో మానలేదు, దసరా తరువాతే మానారు. రెండో ప్రయాణమే గట్టిది. సంక్రాంతికి ఇంత ఉండదు, ఆ పై ఏడాది సెలవులు ఎప్పుడు అయిపోతాయా అని స్నేహితుల కోసం ఎదురుచూస్తుంది.

నాకు పనికొచ్చినవి చెబుతాను. చీకటి పడే వేళకు దింపవద్దు. గురుకులంలో అతి కష్టమైన సమయం ఆటలు అయిపోయి స్టడీ అవర్ మొదలయ్యే లోపు ఉండే ఆ కొంచెం సేపు. పెట్టె అప్పుడే లోపల పెట్టి, అప్పుడే అమ్మను సాగనంపిన పిల్లకు ఆ సాయంత్రం గడవదు. మధ్యాహ్న భోజనం వేళకు చేరుకుంటే పక్క సర్దుకోవడం, తాళం చెవి దాచుకోవడం, స్నేహితులు ఒక్కొక్కరే రావడం చూడటం, వీటితోనే పొద్దుపోతుంది. మీ మండలం నుండి అదే బడికి వెళ్లే పిల్ల ఎవరైనా ఉంటే ఇద్దరినీ ఒకే బస్సులో తీసుకెళ్లండి. మురుకులో గారెలో ఇస్తే ఆమె ఒక్కదానికి సరిపడా ఇవ్వకండి, గదిలో అందరికీ పంచేటంత ఇవ్వండి. పంచిపెట్టే పిల్ల చుట్టూ ఆ సాయంత్రం పదిమంది ఉంటారు.

గేటు దగ్గర వీడ్కోలు చిన్నదిగా ఉండాలి. "మళ్లీ ఆదివారం ఫోన్ చేస్తాను, తల్లిదండ్రులు కలిసే రోజున వస్తాను" అని చెప్పి, చెప్పినట్టే చేయాలి. "నీకు నచ్చకపోతే వచ్చి తీసుకెళ్తాలే" అని మాత్రం అనకండి. మా పక్క మంచం పిల్లకు వాళ్ల అమ్మ ఆ మాట ఇచ్చింది. ఆ పిల్ల నచ్చడానికి ప్రయత్నించడమే మానేసి, ప్రతిరోజూ గేటు వైపు చూస్తూ కూర్చునేది.

పానగల్లు తల్లి

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. పంతులు గారు చెప్పినట్టు నిన్న తలకు నూనె రాస్తూ మాటల్లో పెట్టాను. తరగతి గది గురించి, గణితం మేడమ్ గురించి, మెస్సులో ఆదివారం పెట్టే చికెన్ గురించి చాలాసేపు చెప్పింది. లేవడం, ప్రార్థన, టిఫిన్ అన్నీ చెప్పింది. లేవడానికీ ప్రార్థనకూ మధ్యలో స్నానం ఉంటుంది గదా అని నేను అడిగేదాకా ఆ మాట ఎత్తలేదు.

విషయం ఇదీ. తెల్లవారుజామున బకెట్లు వరుసలో పెడతారట. పెద్ద తరగతుల పిల్లలు వచ్చి చిన్నవాళ్ల బకెట్లు పక్కకు జరిపేస్తారట. ఈమె వంతు వచ్చేసరికి ఆలస్యమై, ప్రార్థనకు చివర చేరి, ఆలస్యంగా వచ్చినవాళ్ల వరుసలో నిలబడవలసి వస్తోందట. ఆ వరుసలో రోజూ నిలబడుతుందని ఒక అమ్మాయి "లేటు బండి" అని పేరు పెట్టిందట, ఇప్పుడు గదిలో అందరూ అలాగే పిలుస్తున్నారట. చెబుతూ చెబుతూ ఏడ్చింది, నాకు మాత్రం ఒక విధంగా ఊరట కలిగింది. ఇంత చిన్న విషయమా అనిపించింది గాని, ఆమెతో అలా అనలేదు.

ఇంకొకటి కూడా చెప్పింది. ఫోన్‌లో నా గొంతు మారితే ఆ రాత్రి తనకు నిద్ర పట్టదట.

ప్రిన్సిపాల్ మేడమ్‌తో మాట్లాడాలా? మాట్లాడితే ఆ పెద్ద పిల్లలు మా పాప మీద పగబడతారేమో అని భయంగా ఉంది.

మన్యంకొండ తాత (మహబూబ్‌నగర్)

నేను విశ్రాంత ప్రధానోపాధ్యాయుడిని. తప్పకుండా మాట్లాడాలమ్మా. ఎలా మాట్లాడాలన్నది ముఖ్యం.

ముందు హౌస్ టీచర్‌తో, అంటే హాస్టల్లో పిల్లల బాగోగులు చూసే టీచర్‌తో మాట్లాడండి. స్నానాల వేళ ఏం జరుగుతుందో ప్రిన్సిపాల్ కంటే ఆమెకే బాగా తెలుసు, చక్కదిద్దవలసినదీ ఆమే. పిల్లలు చుట్టూ ఉన్నప్పుడు గాని, మీ పాప ముందు గాని ఈ సంగతి ఎత్తకండి. ఫలానా పిల్ల ఇలా చేసిందని పేర్లు చెప్పి ఫిర్యాదు చేస్తే ఆ పిల్లను పిలిచి మందలిస్తారు, మీరు భయపడేది అప్పుడు జరగవచ్చు. "ఐదో తరగతి పిల్లలకు స్నానానికి వేరే సమయం గాని, వేరే వరుస గాని ఉంటే బాగుంటుంది, మా పాప రోజూ ప్రార్థనకు ఆలస్యమవుతోంది" అని చెబితే అది ఏర్పాటుకు సంబంధించిన విషయం అవుతుంది, ఎవరి మీదా నింద ఉండదు. మీలాగే మరో ఇద్దరు తల్లులు కూడా అదే అడిగితే ఇంకా మంచిది.

ఆలస్యంగా వచ్చినవాళ్లను వేరే వరుసలో నిలబెట్టడం గురించి కూడా మర్యాదగానే ప్రస్తావించండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా దండించడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తోంది. కాసేపు వేరే వరుసలో నిలబెట్టినంత మాత్రాన అది వేధింపు అని నేను అనను. తన తప్పు లేకుండా రోజూ అదే పిల్ల నిలబడి, దాని వల్ల గేలికి గురవుతుంటే, ఆ పద్ధతి మార్చుకోమని అడిగే హక్కు మీకు ఉంది. ఈ మాట మొదట అవసరం రాదు. హౌస్ టీచర్ పట్టించుకోకపోతే అప్పుడు ప్రిన్సిపాల్ దగ్గర చెప్పండి.

మన ప్రాంతానికి గురుకులాలు కొత్త కాదు. 1971లోనే అప్పటి నల్లగొండ జిల్లాలోని సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. అప్పటి నుండీ తల్లిదండ్రులు గేటు దగ్గరే ఆగిపోవడం అలవాటైపోయింది. లోపలి పద్ధతుల గురించి మనం అడగకూడదని ఎక్కడా లేదు.

ట్రంకు పెట్టె

"లేటు బండి" గురించి ఒక చిన్న మాట. ఆ పేరు పిలిస్తే ఏమనాలో పాపకు ముందే నేర్పండి. కోపగించుకుంటే పేరు గట్టిపడుతుంది, ఏడిస్తే ఇంకా గట్టిపడుతుంది. నన్ను గదిలో "బఠాణీ" అనేవాళ్లు. "అవును, ఏంటి చెప్పు" అని మామూలుగా పలకడం మా పెద్ద తరగతి అక్క నేర్పింది, నెల తిరిగేసరికి అందరికీ విసుగొచ్చి మానేశారు. ఇంట్లో మీరు ఆ పిల్లల్లా పిలిచి, ఆమె జవాబు చెప్పే ఆట ఆడండి. నవ్వు రావాలి, అంతే.

నారాయణపేట దారి (నారాయణపేట)

ఈ చర్చలో ఇంకొక రకం పిల్లల గురించి కూడా రాయాలనిపించింది. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. మా వైపు నుండి ముంబై, పుణె, హైదరాబాదు నగరాలకు కూలి పనుల కోసం వెళ్లే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. పండగకు ఊరికి వచ్చిన తల్లిదండ్రులు తిరిగి వెళ్లేటప్పుడు కొందరు పిల్లలను వెంట తీసుకెళ్తారు, కొందరు అవ్వ దగ్గర వదిలి వెళ్తారు. అవ్వ దగ్గర మిగిలిన పిల్లకు బడి తెరిచే రోజూ, అమ్మానాన్న వెళ్లిపోయే రోజూ దాదాపు ఒకటే అవుతుంది. ఆ పిల్ల బడికి రానంటే అది బడి మీది భయం కాదు, బడి నుండి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరన్న బెంగ. అటువంటి పిల్లలకు నేను మొదటి రోజే ఏదో ఒక పని ఇస్తాను. మొక్కలకు నీళ్లు పోయడం గాని, చిన్న తరగతి వాళ్ల పలకలు పంచడం గాని, రేపు కూడా వచ్చి చేయవలసిన పనే ఇస్తాను.

వెంట వెళ్లి నెల తరువాత వచ్చిన పిల్లలది వేరే కష్టం. హాజరు పిలిచేటప్పుడు తన పేరు తీసేశారేమోనని, అందరూ రాసినది తనకు రాదేమోనని వాళ్లు గుమ్మం దగ్గరే నిలబడిపోతారు. 2022-23 నుండి ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమం వచ్చిన తరువాత నెల రోజులు తప్పిన పిల్లకు ఆ దూరం ఇంకా పెద్దదిగా కనిపిస్తోంది. పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లోనూ ఉండటం వల్ల, మొదటి వారం తెలుగు పుట చదివించి తరువాత ఎదురు పుటకు తీసుకెళ్తున్నాను. తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. సెలవుల తరువాత మొదటి రోజున "ఎందుకు రాలేదు, హోంవర్కు ఏది" అనే ప్రశ్నలతో తరగతి మొదలుపెట్టవద్దు. హోంవర్కు మూడో రోజున చూసినా ఏమీ మునిగిపోదు.

పదో తరగతి (మిర్యాలగూడ)

పెద్దలకు నమస్కారం. నేను ప్రైవేటు పాఠశాలలో పదో తరగతి చదువుతున్నాను. చిన్నపిల్లల గురించే అందరూ రాస్తున్నారు గాని, నాకు కూడా బడి తెరుస్తారంటే గుండె దడ వస్తోంది. సెలవుల ముందు జరిగిన పరీక్షల పేపర్లు మొదటి రోజే ఇస్తారు, మార్కులు తరగతిలో పైకి చదువుతారు. తరువాత ఎస్‌ఏ-1 (అర్ధ సంవత్సర పరీక్ష) వస్తుంది. సెలవుల్లో చదవాలనుకున్నదాంట్లో సగం కూడా చదవలేదు. పుస్తకం తెరవగానే మిగిలినదంతా గుర్తొచ్చి మూసేస్తున్నాను. ఇంట్లో చెబితే "అయితే చదువు" అంటారు.

కందనూలు పంతులు

నాయనా, నీలాంటి వాళ్లు తరగతికి పదిమంది ఉంటారు, వాళ్లలో మొదటి ర్యాంకు వాళ్లు కూడా ఉంటారు. మిగిలినదంతా ఒకేసారి గుర్తొస్తోంది గనుక దాన్నంతా కాగితం మీదకు దించు. సబ్జెక్టు వారీగా, పాఠం వారీగా రాయి. తలలో ఉన్నప్పుడు దానికి అంతు లేదు, రాశాక ఒకటో రెండో పేజీలు అవుతుంది. అందులో నీకు సగం వచ్చిన పాఠం ఒకటి ఎంచుకొని, అరగంట గడియారం పెట్టుకొని అదే చదువు. పూర్తిగా రానిదానితో మొదలుపెడితే మళ్లీ పుస్తకం మూసేస్తావు.

మార్కులు పైకి చదవడం నాకు కూడా నచ్చని అలవాటే. అందులో ఒకటి తెలుసుకో. పదో తరగతి ఫలితంలో ఈ పేపరుకు ఉన్న పాత్ర చాలా చిన్నది. ఎక్కడ పోగొట్టుకున్నావో చూసుకోవడానికి అది నీకు పనికొస్తుంది, కాబట్టి పేపరు చేతికి రాగానే మార్కు కంటే ముందు ఎర్ర సిరా గీతలు చూడు.

పాలమూరు పిల్లల డాక్టరు

మిర్యాలగూడ బాబుకు ఒక మాట. నీ వయసు వాళ్లకు 8 నుండి 10 గంటల నిద్ర కావాలి, రాత్రి ఒంటిగంట దాకా మేలుకొని చదివినది ఉదయానికి నిలవదు. గుండె దడతో పాటు నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, బతకాలని లేదు అనే ఆలోచన రావడం, వీటిలో ఏది ఉన్నా ఇంట్లో చెప్పు. ఇంట్లో వినకపోతే టెలీమానస్ 14416 నంబరుకు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సేవ, ఏ వేళైనా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఎర్రమట్టి

డాక్టరమ్మ గారు, తాతగారు చెప్పినవన్నీ చదివాను. దింపి రావాలన్న నా మాట మీద నేను ఉన్నాను, మీరూ అదే అంటున్నారు. బకెట్ల సంగతి అడగకుండా తెలిసేది కాదన్నది కూడా నిజమే. ఒక్క సందేహం. మా చిన్నవాడు ఏడో తరగతి, ఊళ్లోనే బడి. వాడు ఏ కారణం చెప్పడు, ఎంత మాటల్లో పెట్టినా "ఊరికే" అంటాడు. సోమవారం వచ్చిందంటే మంచం దిగడు. అటువంటి వాడిని ఏం చేయాలి?

పాలమూరు పిల్లల డాక్టరు

ముందు కళ్లు, చెవులు, రక్తహీనత పరీక్ష చేయించండి. నల్లబల్ల మీద రాసినది కనబడక బడి అంటే విసుగు పుట్టిన పిల్లలను నేను చాలామందిని చూశాను. ఆ పిల్లలకు తమకు కనబడటం లేదన్న సంగతి తెలియదు, అందరికీ అలాగే ఉంటుందనుకుంటారు. చదవడంలో, రాయడంలో మొదటి నుండీ ఇబ్బంది ఉందేమో క్లాస్ టీచర్‌ను అడగండి.

అవన్నీ బాగుంటే, చిన్న చిన్న మెట్లుగా వెళ్లండి. ఆదివారం సాయంత్రం సంచి సర్దించి, బడి గేటు దాకా ఇద్దరూ నడిచి రండి. సోమవారం మంచం దిగకపోతే కేకలు వేయకండి, అలాగని ఆ రోజును సెలవు రోజుగా కూడా మార్చకండి. టీవీ, ఫోన్ లేకుండా, బడి వేళల్లో ఇంట్లో పుస్తకాలతోనే ఉండాలి. ఇంట్లో హాయిగా గడిచిన సోమవారం మరో సోమవారాన్ని తెస్తుంది. ఆలస్యమైనా సరే, మధ్యాహ్నం నుండైనా వెళ్లడం పూర్తిగా మానడం కంటే నయం. రెండు వారాలు ఇలా చేసినా మార్పు లేకపోతే వనపర్తిలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, అక్కడ మానసిక వైద్యులను కలవండి. అక్కడికి వెళ్లడం అంటే పిల్లవాడికి పిచ్చి అని కాదు. ఎవరైనా కొడుతున్నారన్న, తాకకూడని చోట తాకుతున్నారన్న అనుమానం ఏ కొంచెం కలిగినా ఇవన్నీ పక్కనపెట్టి పిల్లల సహాయవాణి 1098 నంబరుకు ఫోన్ చేయండి.

పానగల్లు తల్లి

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించాలి. పాపను బడి తెరిచిన రోజునే దింపి వచ్చాము. మా పక్క ఊరి పిల్ల, వాళ్ల అమ్మ కూడా మాతోనే వచ్చారు. మహాలక్ష్మి పథకం వల్ల ఆర్డినరీ బస్సులో మా ఆడవాళ్లకు టికెట్ లేదు గనుక, ఇకపై తల్లిదండ్రులు కలిసే రోజున నేనూ ఆమే కలిసి వెళ్దామని అనుకున్నాము.

మధ్యాహ్నానికి చేరాము. హౌస్ టీచర్‌తో విడిగా మాట్లాడాను. ఆమె కోపగించుకోలేదు, ఇంకా ఇద్దరు తల్లులు ఇదే చెప్పారని అన్నారు. ఐదు, ఆరు తరగతుల పిల్లలకు ముందుగా నీళ్లు పట్టుకునే ఏర్పాటు చేస్తామన్నారు. చేశారో లేదో ఆదివారం ఫోన్‌లో అడిగాను. మూడు రోజులు బాగా జరిగిందట, నాలుగో రోజు మళ్లీ బకెట్ జరిపారట, మేడమ్ వచ్చి చూసి మళ్లీ వరుస పెట్టించారట. "లేటు బండి" ఇంకా పోలేదు.

గేటు దగ్గర ఏడ్చింది. నేను ఏడవకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను, బస్టాండులో కూర్చున్నాక ఆగలేదు. ఫోన్‌లో గొంతు మారకుండా మాట్లాడటం నేర్చుకుంటున్నాను. పాప కడుపునొప్పి సంగతి తనంతట తాను చెప్పలేదు, నేను కూడా అడగలేదు. మెస్సులో టిఫిన్ తింటున్నానని మాత్రం చెప్పింది.

డాక్టరమ్మ గారూ, ఇకపై నేను దేన్ని గమనించాలి?

పాలమూరు పిల్లల డాక్టరు

మీరు కడుపునొప్పి సంగతి అడగకపోవడమే మంచిదైంది. రెండు, మూడు వారాల దాకా అప్పుడప్పుడు ఏడుపు ఉంటుంది, దానికి కంగారుపడవద్దు. హౌస్ టీచర్‌ను మూడు విషయాలు అడుగుతూ ఉండండి: తింటోందా, రాత్రి నిద్రపోతోందా, ఆటల వేళ ఎవరితోనైనా ఉంటోందా. ఈ మూడూ ఉంటే ఫోన్‌లో ఏడ్చినా పాప కుదురుకుంటున్నట్టే. నెల దాటినా తినకపోయినా, పక్క తడుపుతున్నా, ఎప్పుడూ ఒంటరిగా ఉంటున్నా మీరే ఒకసారి వెళ్లి చూసి, నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో గాని మీకు తెలిసిన పిల్లల వైద్యుల దగ్గర గాని చూపించండి. అప్పుడు గురుకులం కొనసాగించాలా వద్దా అని ఆలోచించవచ్చు. కొందరు పిల్లలకు ఆ వయసులో ఇంటి దగ్గరి బడే సరిపడుతుంది, అలా తీసుకురావడంలో తప్పేమీ లేదు. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మాత్రం పండగ మరునాటి నుండే ఉదయం లేపే వేళ మార్చుకుంటూ రండి.